బావగారి ఎడమ భుజం

మొన్న తాడేపల్లిగూడెం స్టేషన్లో ఏలూరు పాసింజరు కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఉన్న పెద్దాయన్ని ఇంకో పెద్దాయన పలకరిస్తూ, ఆపరేషనయిందట కదా, ఎలా ఉందండీ అని అడిగాడు. ఆయన కండువా సర్దుకుని, "బాగానే ఉందండీ" అన్నాడు. అంతే. తర్వాత ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. రైలొచ్చింది, ఎక్కాను, సీటు కూడా దొరికింది. భీమడోలు దాటేదాకా కిటికీ పక్కనే కూర్చున్నా నాకు ఒక్క చేనూ కనపడలేదు. మా బావగారు కనపడ్డారు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. ఆయన పోయి మూడో ఏడు నడుస్తోంది.

మా వైపు "బాగానే" అన్న మాటకి అర్థం తెలియాలంటే ఇక్కడే పుట్టి ఉండాలి. "బాగుందండీ" అంటే బాగున్నట్టే. "బాగానే ఉందండీ" అంటే మాత్రం, బాగాలేదు, అయినా అడిగినందుకు సంతోషం, ఆ కథంతా చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను అని. ఆ చివరి "నే" చెవిని పడగానే ఎదుటివాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చెప్పెయ్యగలనని నాకో గొప్ప. మా ఆయన దాన్ని నా సంగీతజ్ఞానం అని ఎగతాళి చేసేవారు.

బావగారిది మండవల్లి దగ్గర కొల్లేటి అంచున ఓ ఊరు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోతే తమ్ముణ్ణి చదివించి, కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి చేసి, ఏలూరులో కాపురం పెట్టించి, తను మాత్రం ఆ ఊళ్ళోనే కాస్త వరి, ఓ చేపల చెరువు, రెండు గేదెలు చూసుకుంటూ ఉండిపోయారు. సన్నగా, పొడుగ్గా, గట్టున పాతిన గెడకర్రలా ఉండేవారు. ఒంటి మీద చిటికెడు కండ పట్టుకుందామన్నా దొరికేది కాదు. సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఎడమ భుజం మీద కండువా. ఆస్పత్రి రోజులు వచ్చేదాకా ఆ కండువా లేకుండా ఆయన్ని నేను చూసింది లేదు.

మర్యాదలో ఆయన్ని మించినవాళ్ళు గోదావరి జిల్లాల్లోనే ఉండరు. చిన్నా పెద్దా అందరికీ "అండీ" నే. ఓసారి సావిట్లో అడ్డంగా పడుకున్న గేదెతో "కాస్త జరగండి" అనడం నా చెవులారా విన్నాను. అది జరగకపోతే పాపం ఆయనే చుట్టు తిరిగి వెళ్ళారు. "నువ్వు" అనేది ఇద్దరినే, తమ్ముణ్ణీ నన్నూ. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం గోడవైపు చూసేవారు. తమ్ముడి భార్య కదా. నేను వంటింట్లో ఉంటే గుమ్మం అవతలే ఓసారి దగ్గి, కాసేపు ఆగి, అప్పుడు మంచినీళ్ళడిగేవారు. నేనూ ఆయన ఎదుట కుర్చీలో కూర్చునేదాన్ని కాదు. చదువుకున్నదానివి, ఇంకా ఇవేం పద్ధతులని స్నేహితురాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ. ఆయన గోడవైపు తిరిగి "అమ్మా" అంటుంటే నాకు బాగుండేది.

ఏలూరు వచ్చినప్పుడల్లా మూతపెట్టిన స్టీలు క్యానులో బతికున్న కొర్రమీను తెచ్చేవారు. ఇప్పుడెందుకండీ బావగారూ అంటే, "అదే వచ్చిందమ్మా" అనేవారు. బస్సుకి టిక్కెట్టు తీసుకుని ఆ చేపే బయల్దేరినట్టు.

ఓ ఎండాకాలం ఆయన చెరువు గట్టు మీద పడిపోయారు. లేచి, ఏం లేదండీ, కాలు జారిందన్నారు. మళ్ళీ పడిపోయారు. మూడోసారి మాత్రం కాలు మీద నేరం మోపడానికి వీల్లేకపోయింది, మంచం మీద కూర్చునే పడిపోయారు కనుక. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, బెజవాడ తీసుకెళ్ళి పేస్‌మేకర్ పెట్టించాం. ఎడమ భుజం కింద, మెడ ఎముకకి దిగువన, చర్మం లోపల చిన్న పెట్టె. దాన్నుంచి తీగలు గుండెలోకి వెళతాయి. ఆ తర్వాత చూపించుకోవడమంతా ఏలూరులోనే. కుట్లు మానేదాకా మా ఇంట్లోనే ఉంచేశాం.

ఏలూరు డాక్టరు కుర్రవాడు, సీమ నుంచి వచ్చినవాడు, మంచివాడు. మొదటిరోజే నన్ను బయటికి పిలిచి చెప్పాడు. "పెద్దాయన ఒంట్లో కండ లేదమ్మా. పెట్టె మీద చర్మం ఒక్కటే ఉంది. కుట్టు సంగతి నేను చూసుకుంటాను. మీరు పెట్టె అంచు దగ్గర రోజూ చూడండి. ఎర్రబడినా, వాచినా, చర్మం పల్చబడి మెరిసినా వెంటనే తీసుకురండి. అది విచ్చుకుందంటే మాత్రం మొత్తం తీసెయ్యాల్సిందే, ఈయనకి అది లేకపోతే గుండె నడవదు."

రోజూ చూడండమ్మా అన్నాడు. ఎలా చూస్తాను? ఆ చోటు మీద చొక్కా, చొక్కా మీద కండువా, కండువా మీద మా వంశమర్యాద. పోనీ బనీను ఉతికేటప్పుడు మరకేమైనా కనపడుతుందేమోననుకుంటే, తన బనీను తనే ఉతుక్కుని పెరట్లో నాకు కనపడని తీగ మీద ఆరేసుకునేవారు. మా ఆయన్ని చూడమన్నాను. మా ఆయనకి దోసకాయ కోస్తూ వేలు తెగితేనే కళ్ళు తిరుగుతాయి. అన్నగారి గదిలోకి వెళ్ళి వెళ్ళినంత వేగంగానూ బయటికొచ్చి, బాగానే ఉందోయ్ అనేవారు. ఎర్రగా ఉందా అంటే, ఉందీ లేదూ అనేవారు. గది తలుపు సందులోంచి ఓసారి చూశాను. అన్నగారు చొక్కా తీసి కూర్చున్నారు, ఈయన ఆయన తల పైనున్న క్యాలెండరు చూస్తున్నారు.

ఇక పలకరింపులు. మండవల్లి నుంచి, కైకలూరు నుంచి, ఆ చుట్టుపట్ల లంకల నుంచి బత్తాయిలు పట్టుకుని రోజుకో గుంపు దిగేది. కుశలం అయ్యాక అందరూ చివరికి ఒక్కచోటికే వచ్చేవారు, ఆ మిషను ఎక్కడుందండీ అని. బావగారు అడిగినవాళ్ళందరికీ చూపించేవారు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఒకరు చెయ్యి పెట్టి చూస్తే, ఇంకొకరు నొక్కి చూసేవారు. ఇది కదులుతోందండోయ్ అని ఒకాయన సంబరపడ్డాడు. చిట్టచివర మాత్రం ఎవరొచ్చినా ఒకటే మాట, బాగానే ఉందండీ, చక్కగా మానిపోయింది అని.

నాకు ఒళ్ళు మండేది. ముట్టుకోవద్దని డాక్టరుగారు చెప్పారండీ అని గుమ్మంలోంచి గట్టిగా అన్నాను ఓరోజు. వాళ్ళు వెళ్ళాక బావగారు గోడతో అన్నారు: "పోన్లెమ్మా, అంత దూరం నుంచి వచ్చారు." అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని కాదనడం ఎలాగో ఆయనకి ఎవరూ నేర్పలేదు. నాకు మాత్రం ఎవరు నేర్పారు, బత్తాయిలు తీసుకుని లోపల పెట్టి కాఫీలు ఇచ్చాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజుల్లో మా ఆయనకి క్లాసులుంటే తోడు నేనే వెళ్ళేదాన్ని. బావగారు చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టగానే నేను గోడ మీద గుండె బొమ్మవైపు తిరిగిపోయేదాన్ని. ఇప్పటికీ ఆ బొమ్మలో ఏ గది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎలా ఉందండీ పెద్దాయనా అని డాక్టరు అడిగేవాడు. మీ దయవల్ల బాగానే ఉందండీ అని ఈయన. ఆ "నే" విన్నప్పుడల్లా, దాస్తున్నారు, నొప్పి ఉంది, మాకు శ్రమ అని దాస్తున్నారు అనుకునేదాన్ని. ఓసారి ఉండబట్టలేక, ఆయన మాట నమ్మకండి డాక్టరుగారూ, మీరు సరిగ్గా చూడండి అన్నాను. బావగారి మొహం చిన్నబోయి ఉంటుంది. నేను బొమ్మవైపు తిరిగి ఉన్నాను కనుక చూడలేదు.

డాక్టరు సరిగ్గానే చూశాడు. మచ్చ దారప్పోగులా సన్నగా ఉందని, ఇంత బాగా మానడం అరుదని మెచ్చుకున్నాడు. అయితే కింది అంచు దగ్గర చర్మం పల్చబడుతోంది, ఇప్పుడే చిన్న ఆపరేషను చేసి పెట్టెని కండ కిందికి దించేస్తే గొడవ ఉండదన్నాడు. పై వారం రమ్మన్నాడు. బావగారు చొక్కా వేసుకుంటూ, "అలాగేనండీ" అన్నారు.

ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. "డాక్టరుగారూ, మా బావగారు అలాగే అన్నారంటే రారండీ" అని చెప్పాను. ఆ అబ్బాయి నవ్వాడు. అలాగే అన్నాక రాకపోవడమేంటమ్మా అన్నాడు. వాళ్ళ ఊళ్ళో అలాగే అంటే అలాగేనట. అక్కడ బతుకు ఎంత సుఖమో అనుకున్నాను.

ఆ వారంలోనే కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేస్తున్నారని కబురొచ్చింది. సరస్సులో ఉన్న చేపల చెరువులన్నీ ప్రభుత్వం తీసేయిస్తోంది, బావగారి చెరువూ అందులో ఉంది. ఉదయం బస్సుకి వెళ్ళిపోయారు. ఆపరేషను సంగతేంటని మా ఆయన అడిగితే, చూసొస్తాను, ఇప్పుడు బాగానే ఉంది కదా అన్నారట. తర్వాత ఊరివాళ్ళు చెప్పారు, పొక్లెయిన్ గట్టు తవ్వుతుంటే ఈయన ఎండలో నిలబడి చూశారని, మధ్యాహ్నం ఇంటికెళ్ళి మజ్జిగ తెచ్చి ఆ డ్రైవరుకి ఇచ్చారని. పాపం పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నారు, తాగండి అన్నారట. ఆ మజ్జిగ తాగి ఆ డ్రైవరు మిగతా గట్టు కూడా కొట్టేశాడు. తప్పు అతనిది కాదు. నాకు మాత్రం ఆ కథ విన్న రోజు అన్నం సహించలేదు.

అనుకున్న తారీకు వెళ్ళిపోయింది. ఫోను చేస్తే బాగానే ఉందమ్మా అనేవారు. డాక్టరు రెండుసార్లు కబురు పెట్టాడు. మా ఆయన ఆదివారం వెళ్ళి, అన్నని బతిమాలి, ఒట్టి చేతుల్తో కాదు, ఆనపకాయతో తిరిగొచ్చారు. చూశారా అంటే చూశానన్నారు. క్యాలెండరు ఏ నెలది ఉంది అని అడిగాను. కోపమొచ్చి ఆ పూట భోజనం చెయ్యలేదు.

చివరికి నేనే బయల్దేరాను. దారి పొడుగునా ఏమనాలో మననం చేసుకున్నాను. కొట్టేసిన గట్ల మధ్య నీళ్ళు కలిసిపోయి, ఎవరి చెరువు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి లేదు. బావగారు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నారు. చెరువే లేదు, వల ఎందుకో నేను అడగలేదు. కండువా ఎడమ భుజం మీదే ఉంది, దాని అంచున చొక్కా మీద నాణెమంత పసుపు మరక. కొత్త మరక కాదు, ఉతికినా పోని మరక.

మనసు గట్టి చేసుకుని అడిగాను. "బావగారూ, ఒక్కసారి నాకు చూపించండి."

ఆయన చేతిలో వల ఆగిపోయింది. కండువా రెండో కొస కూడా ముందుకి లాక్కుని, గోడవైపు తిరిగి, "నువ్వు వద్దమ్మా" అన్నారు.

ఊరంతా చూసింది. లంకలవాళ్ళు చూశారు, కైకలూరువాళ్ళు నొక్కి చూశారు. ఆయన తన జన్మలో ఎవరినైనా వద్దన్నది నన్నొక్కదాన్నే. చూడమని డాక్టరు అప్పజెప్పింది కూడా నాకొక్కదానికే. కూతుర్నయినా బాగుండును, గట్టిగా చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. మరదలంటే ఆయన దృష్టిలో ఓ గౌరవం, ఆ గౌరవాన్ని పట్టుకుని ఏం చేసుకోను? పక్కింటాయన్ని పిలిచి చూడమన్నాను. ఆయన కండువా ఎత్తి చూసి, బాగానే ఉందండీ, మానిపోతుంది అన్నాడు. ఇంత పెద్ద కొల్లేరు, ఇంతమంది జనం, నిజం చెప్పేవాళ్ళు ఒక్కళ్ళు లేరే అని బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను.

వారం తిరక్కుండానే జ్వరంతో తీసుకొచ్చారు. డాక్టరు చూసి మమ్మల్ని వరండాలోకి పిలిచాడు. చర్మం విచ్చుకుంది, పెట్టె అంచు బయటికొచ్చింది, చీము తీగల వెంట గుండెదాకా పోయింది, రక్తంలో కలిసింది. మొత్తం తీసి కుడివైపు కొత్తది పెట్టాలి కానీ ఈ ఒంటికి ఆ బలం లేదు, బెజవాడ పంపిస్తాను, ఆశ మాత్రం పెట్టుకోకండి అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. మా ఆయన అంబులెన్సు మాట్లాడ్డానికి వెళ్ళారు. నేను లోపలికి వెళ్ళాను.

మంచం మీద కండువా లేకుండా ఉన్నారు. పిలవకముందే కళ్ళు తెరిచి, అడుగుల చప్పుడుకే నేనని పోల్చుకుని, "అమ్మా, ఇలా రా" అన్నారు. ఈసారి గోడవైపు తిరగలేదు. కుడిచేత్తో చొక్కా పక్కకి తీశారు. "నువ్వు చూసి చెప్పు. ఎలా ఉంది?"

దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. పైన మచ్చ, డాక్టరు చెప్పినట్టే దారప్పోగులా తెల్లగా, తీరుగా, ఏ వంకా లేకుండా మానిపోయింది. దానికి బొటనవేలంత కింద చర్మం నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి పెట్టె మూల బూడిదరంగులో కనిపిస్తోంది. చుట్టూ ఎర్రగా, ఆ ఎరుపు చుట్టూ నల్లగా. వాసన కూడా ఉంది. ఇవన్నీ ఒక్కొక్కటే ఆయనకి చెప్పాను. ఒక్కటీ దాచలేదు.

పంట కబురు విన్నట్టు శ్రద్ధగా విన్నారు. "అలాగా" అన్నారు. "నాకు చూపానదు కదమ్మా. వచ్చినవాళ్ళందరికీ అందుకే చూపించేవాణ్ణి, ఎలా ఉందో చెబుతారని. బాగానే ఉందన్నారు అందరూ. తమ్ముడూ అదే అన్నాడు. వాళ్ళు చెప్పిందే నేను డాక్టరుగారికి చెప్పాను" అన్నారు.

నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ దాస్తున్నారనుకున్నాను. ఆయన ఏమీ దాచలేదు. తన ఒంటి సంగతి తనకి తెలియక, మర్యాదస్తుల్ని అడిగి తెలుసుకున్నారు. మానిపోయిందని అంతమంది చెబుతుంటే, మానినదాన్ని మళ్ళీ కోయించుకోవడం ఎందుకని ఊరుకున్నారు. నన్నొక్కదాన్నే అడగలేకపోయారు.

"అయితే డాక్టరుగారు చెప్పినట్టు చేయించేద్దామమ్మా. లోపలికి దించుతానన్నారు కదా, దించెయ్యమను. నాకేం భయం లేదు. నువ్వు ఓ మాట చెప్పు ఆయనతో" అన్నారు. మొహం తేటగా ఉంది. ఏం చెయ్యాలో తెలిసిన మనిషి మొహంలా ఉంది.

డాక్టరు వరండాలో మాతో అన్న మాటలు ఆయనకి తెలియవు. బయట అంబులెన్సు వచ్చిన చప్పుడు వినిపించింది. చెబుతానండీ అన్నాను. చొక్కా దగ్గరికి లాగి బొత్తాలు పెట్టాను. పై రెండూ మాత్రం పెట్టలేదు, అక్కడ తగిలితే నొప్పి పెడుతుందని.